తిట్ల పాఠం

జవాబు చెప్పే ముందు లారీ డ్రైవర్ నోట్లోని రక్తాన్ని నేల మీద ఉమ్మేశాడు. దాంతోపాటు పన్ను ముక్క ఒకటి టక్కుమని సిమెంటు మీద పడింది. లాకప్ ఊచలకి ఇవతల కుర్చీ వేసుకుని కూర్చున్న డిటెక్టివ్ దాని వైపు ఒకసారి చూసి, మళ్ళీ అదే ప్రశ్న అడిగింది.

"మీ అన్నని ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

"మొన్న పొద్దున్న. తిట్టుకున్నాం."

"దేనికి?"

"ఎప్పుడూ ఉండేదే మేడమ్. నేను క్వారీకి లారీ తోలతాను. మన కొండని మనమే ముక్కలు చేసి మోసుకుపోతున్నావు, సిగ్గులేదా అంటాడు. నీ కొయ్యగుంజలు నా పిల్లలకి అన్నం పెడతాయా అంటాను. అక్కడితో సరి. సాయంత్రానికి వాళ్ళమ్మాయి మా ఇంటికి కూర పంపిస్తుంది."

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"క్వారీ గేటు దగ్గర. లారీలో పడుకున్నా."

"ఎవరైనా చూశారా?"

"నిద్రపోయేవాణ్ణి ఎవరు చూస్తారు?" అన్నాడతను. తర్వాత మొహం అవతలికి తిప్పుకుని, "వాడి చేతులు నలగ్గొట్టారంట కదా. నిజమేనా?" అని అడిగాడు.

డిటెక్టివ్ తల ఊపింది. నిన్న మధ్యాహ్నం ఇతని అన్నని, కొండవాళ్ళ కొయ్యమేస్త్రిని, అతని వర్క్‌షాపులోనే చంపారు. ప్రాణం తీసింది నెత్తి మీద పడిన దెబ్బ. కానీ దానికంటే ముందే రెండు చేతుల వేళ్ళూ ఒక్కటి మిగలకుండా చితికిపోయాయి. తండ్రిని ఆ స్థితిలో మొదట చూసింది కూతురు. బాబాయిని పోలీసులు పట్టుకుపోగానే డిటెక్టివ్‌కి ఫోన్ చేసింది కూడా ఆమే.

డ్రైవర్ భుజాలు కదిలాయి. ఏడుపు బయటికి రాలేదు. దవడ వాచిపోయి నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు.

"మాజీ గారికి టైమైపోయింది," అంటూ ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు.

ఒకప్పుడు అతను ఆమె కిందే పనిచేశాడు. ఆమె రాజీనామా చేసి బయటికి నడిచిన రోజే ఆ కుర్చీలో కూర్చున్నాడు. అప్పట్నించీ మేడమ్ అనడం మానేసి మాజీ గారు అనడం మొదలుపెట్టాడు.

"పళ్ళు రాలగొట్టమని ఏ సెక్షన్‌లో ఉంది?" అంది డిటెక్టివ్.

"మెట్లు దిగుతూ పడ్డాడు."

"ఈ స్టేషన్‌కి మెట్లు లేవు."

"కట్టిస్తాంలెండి." ఇన్‌స్పెక్టర్ ఊచలకి ఆనుకుని నిలబడ్డాడు. "చూడండి, ఇందులో మీ తెలివితేటలు చూపించుకోవడానికి ఏమీ లేదు. అన్నదమ్ములకి పడదు. ఊరందరికీ తెలుసు. ఎదురుగా పంక్చర్ షాపతను వీడి గొంతు విన్నాడు. వీడి లారీ టైర్లన్నీ అతని చేతుల మీదుగానే పోతాయి. గొంతు పోల్చుకోలేడా? అది కూడా వాళ్ళ కొండభాషలో అరిచాడు. ఆ భాష వచ్చిన మగాళ్ళు ఇప్పుడు ఎంతమంది మిగిలారో మీరే లెక్కపెట్టుకోండి."

"పాత గుంజ ఏమైంది?"

"ఏ గుంజ?"

"మ్యూజియం వాళ్ళు పోయిన నెల తిరిగిచ్చిన హద్దుగుంజ. మేస్త్రి దాన్ని చూస్తూనే కొత్తది చెక్కాడు. ఇప్పుడు అది వర్క్‌షాపులో లేదు."

"వీడే ఎత్తుకెళ్ళి క్వారీ వాళ్ళ మొహాన కొట్టి ఉంటాడు. రెండు తగిలిస్తే అదీ చెప్తాడు."

"వర్క్‌షాపు చూడాలి నేను."

"చూసుకోండి. మా పని అయిపోయింది. కాసేపట్లో వీణ్ణి అక్కడికే తీసుకొస్తున్నా, ఎలా కొట్టాడో చేసి చూపించడానికి. అప్పటికి మీరు లేకపోతే మీకే మర్యాద."

పంక్చర్ షాపతను డిటెక్టివ్‌ని చూడగానే చేతిలోని టైరు లివరు కింద పెట్టి, తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. రోడ్డుకి అటు వర్క్‌షాపు, ఇటు అతని షాపు. మధ్యలో ఒక లారీ పట్టేంత దూరం.

"ఉన్నదున్నట్టు చెప్పాను మేడమ్. అతని గొంతే. ఒట్టు."

"కాదనడం లేదు. ఎలా అరిచాడో అలాగే అను."

"నాకా భాష రాదు."

"అర్థం అక్కర్లేదు. చప్పుడు చాలు."

అతను సిగ్గుపడి అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు లావుగా చేసి, పాట పల్లవిలా సాగే ఒక పొడుగాటి తిట్టు తిట్టాడు. డిటెక్టివ్ దాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుంది.

"ఇంత పొడుగు తిట్టు ఒక్కసారి విని ఎలా గుర్తుపెట్టుకున్నావు?"

"ఒక్కసారా? అదే తిట్టు మళ్ళీ మళ్ళీ తిట్టాడు కదా."

"అదే తిట్టా? మాట మారకుండా?"

"మారలేదు. ఒకసారి తిట్టేవాడు, ఆగేవాడు. మళ్ళీ అదే."

"ఆగినప్పుడు ఏం వినిపించేది?"

అతను తల దించుకున్నాడు. "దెబ్బలు. మేస్త్రి కేకలు."

"మేస్త్రి ఏమన్నాడు?"

"మాటలేం లేవు. కేకలే."

"నువ్వు వెళ్ళలేదా?"

"ట్రక్కు చక్రం జాకీ మీదుంది. అన్నదమ్ముల గొడవ కదా, మధ్యలో మనమెందుకని..." అతను వర్క్‌షాపు వైపు చూశాడు. "వెళ్ళాల్సింది మేడమ్."

డిటెక్టివ్ ఫోన్ జేబులో పెట్టుకుంది. రోడ్డు దాటింది.

వర్క్‌షాపులో మేస్త్రి కూతురు గడప దగ్గరే కూర్చుని ఉంది. కొండవాళ్ళ పిల్లలకి వాళ్ళ భాష నేర్పే పంతులమ్మ. ముందుగది ఆమె బడి. గోడలకి అట్టల మీద అంటించిన బొమ్మలు, చిన్న చాపలు. వెనకగది తండ్రి పని చేసుకునే చోటు. ఆమెవి రాత్రంతా నిద్రలేని కళ్ళు. ఏడుపు కనపడలేదు.

"లోపలికి రాగలవా?" అంది డిటెక్టివ్.

"నిన్నట్నించీ లోపలే ఉన్నాను మేడమ్. ఒళ్ళు ఇక్కడ కూర్చుంది, అంతే."

వెనకగదిలో రంపం పొట్టు నల్లగా గడ్డకట్టి ఉంది. పని చేసే దిమ్మ మీద ఒక మూల మాత్రం పొట్టు తుడిచిపెట్టుకుపోయి, పొడుగ్గా పడుకోబెట్టిన గుంజ ఆకారం మిగిలింది. ఆ ఆకారానికి అటూ ఇటూ దిమ్మ కొయ్యలో గుండ్రంగా నొక్కుకుపోయిన గుంటలు. కొయ్యసుత్తి దెబ్బలు. గుంటల్లో రక్తం, చిన్న ఎముక పలుకులు.

డిటెక్టివ్ వంగి చాలాసేపు చూసింది.

"చేతుల మీద కక్షగట్టి కొట్టలేదు," అంది మెల్లగా. "మీ నాన్నగారు గుంజని వాటేసుకుని పడుకున్నారు. వదలమని కొట్టారు. వదల్లేదు. వేళ్ళు పనిచెయ్యడం మానేశాకే గుంజ బయటికొచ్చింది. అప్పటికీ అడ్డం పడితే తల మీద కొట్టారు."

కూతురు గోడ పట్టుకుంది. "అది పోతే ఇంక క్వారీ కేసులో కోర్టుకి చూపించడానికేం లేదని ఆయనకి తెలుసు."

"ఒక కొయ్యగుంజలో అంత ఏముంది? నాకు అర్థమయ్యేలా చెప్పు."

"మా తాతల కాలంలో కొండ మీద ఊట దగ్గర పాతిన గుంజ అది. అక్కడి బండలో దానికోసమే చెక్కిన గుంట ఉంది. గుంజ అడుగూ ఆ గుంటా తాళంచెవీ తాళంలా సరిపోతాయి. ఆ రోజుల్లో అధికారులు దాన్ని పీకి మ్యూజియంలో పెట్టి, ఎక్కణ్ణుంచి తెచ్చారో వాళ్ళే దాని మీద రాసుకున్నారు. క్వారీ వాళ్ళేమో ఆ కొండ మీద ఎవ్వరూ ఎప్పుడూ బతకలేదంటున్నారు. గుంజ తీసుకెళ్ళి గుంటలో నిలబెడితే ఇంక వాళ్ళు మాట్లాడ్డానికేం ఉండదు."

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"మావాళ్ళందరికీ."

డిటెక్టివ్ దిమ్మ కింద మోకాళ్ళ మీద కూర్చుంది. పొట్టులో వేళ్ళు పోనిచ్చి వెతికి ఒక సన్న ఉలిని బయటికి తీసింది. మొన విరిగిపోయింది. విరిగిన చోటినుంచి పిడి దాకా రక్తం. మేస్త్రి ఒంటి మీద ఉలిపోటు లేదు. అంటే చేతులు పూర్తిగా చితకకముందే ఆయన ఎవరినో పొడిచాడు. మొన ఇంకా ఆ ఒంట్లోనే ఉండి ఉండాలి. లాకప్‌లో డ్రైవర్ ఒంటి మీద డ్రాయరు ఒక్కటే ఉంది. కమిలిన మచ్చలే తప్ప పోటు గాయం లేదు.

గోడకున్న అరలో ఒక లౌడ్‌స్పీకర్ ఉంది. దాని గొంతు పెంచే మర చివరంటా తిరిగి ఉంది. మర మీద ఎండిన రక్తం.

"ఇది ఎవరిది?"

"నాదే. పిల్లలకి పాఠాలు వినిపిస్తాను. నాన్న పని చేసుకుంటూ చిన్నగా పెట్టుకుని వింటుంటారు."

"ఇంత పెద్దగానా?"

"అబ్బే. పక్కగదికి కూడా వినపడనంత చిన్నగా."

డిటెక్టివ్ ఫోన్ తీసి పంక్చర్ షాపతను తిట్టిన తిట్టు వినిపించింది. కూతురు మొహంలో మొదట ఏదో తెలియని కంగారు. తర్వాత, ఇంత దుఃఖంలోనూ, పెదవుల చివర నవ్వు లాంటిది వణికింది.

"‘నీ పొయ్యి మీద పిల్లి పడుకోనూ, నీ చెప్పులు కుక్క నమిలిపోనూ’. ఎంత తప్పుగా పలికాడో. ఇది మా తిట్ల పాఠం మేడమ్."

"పాఠమా?"

"మా కొండవాళ్ళ సంఘంలో దీని గురించి పెద్ద రగడే అయింది. పిల్లలకి తిట్లు నేర్పిస్తారా అని. నాన్న ఒక్కటే మాటన్నారు. తిట్టుకోవడానికి పనికిరాని భాష బతికున్నట్టు కాదు, పటం కట్టి గోడకి తగిలించినట్టు అని. అందుకని బాబాయిని బతిమాలాం. మావాళ్ళలో ఆయనంత బాగా తిట్టేవాళ్ళు లేరు. క్వారీలో తెలిస్తే ఉద్యోగం పోతుందని భయపడుతూనే వచ్చి మైకు ముందు కూర్చున్నాడు. ఒకసారి తిట్టి ఆగుతాడు. పిల్లలు అనాలి కదా, అందుకు. మళ్ళీ తిడతాడు."

"ఈ పాఠం ఎవరెవరి దగ్గరుంది?"

"ఇంకా మొదలుపెట్టలేదు. ఒక్క మెమరీ కార్డులోనే ఉంది. దాన్ని..." ఆమె ఆగిపోయింది. లేచి స్పీకర్ దగ్గరికి వెళ్ళి, వెనకనున్న చిన్న కార్డుని తాకకుండా చూసింది. అంచున ఎర్ర రంగు చుక్క. "ఇది ఇక్కడ ఉండకూడదు. దీన్ని మామయ్యకిచ్చాను. విని, పిల్లలకి చెప్పొచ్చో లేదో చెప్పమని."

"మామయ్యంటే?"

"అమ్మ తమ్ముడు. అమ్మ పోయాక మమ్మల్ని చూసుకున్నది ఆయనే. మా సంఘం కార్యదర్శి."

బయట జీపు ఆగిన చప్పుడు.

ఇన్‌స్పెక్టర్ ముందు దిగాడు. చేతులకి బేడీలతో డ్రైవర్, అతని వెనక కార్యదర్శి. నేరం జరిగిన తీరు రాసుకునేటప్పుడు కొండవాళ్ళ తరఫున సాక్షి కావాలని ఇన్‌స్పెక్టరే ఆయన్ని పిలిపించాడు. నడివయసు మనిషి, ఉతికిన చొక్కా, మెళ్ళో కండువా. మేనకోడలి తల మీద చెయ్యి వేసి, "పొద్దున్నించీ ఆస్పత్రి దగ్గరే ఉన్నానమ్మా. నాన్నని సాయంత్రానికి ఇస్తామన్నారు," అన్నాడు. ఆమె రాయిలా నిలబడింది.

"ఇంకా ఇక్కడే ఉన్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రెండు నిమిషాలు. మీ సాక్షిని కూడా పిలవండి."

"ఇక్కడ హుకుం ఇచ్చేది నేను."

"ఇవ్వండి. కానీ రేపు కోర్టులో వాళ్ళ లాయరు ఇదే పని చేసి మీ పరువు తీస్తాడు. అదేదో ఇప్పుడే చూసుకుంటే మీకే మంచిది."

ఇన్‌స్పెక్టర్ పళ్ళు కొరికాడు. కానిస్టేబుల్‌ని పంపి పంక్చర్ షాపతన్ని అతని షాపు ముందే నిలబెట్టాడు. డిటెక్టివ్ రుమాలు చుట్టిన వేలితో స్పీకర్ మీట నొక్కింది.

డ్రైవర్ గొంతు గది పగిలిపోయేలా మోగింది. పొయ్యి మీద పిల్లి, చెప్పులు నమిలే కుక్క, అన్నీ వరసగా. తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ మొదటినుంచి అదే తిట్టు. బేడీలతో నిలబడ్డ డ్రైవర్ నోరు వాచి మూసుకుపోయి ఉంది. అతను తన గొంతు తానే వింటూ, అన్న రక్తం పడిన పొట్టు వైపు చూస్తున్నాడు.

పంక్చర్ షాపతను రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చాడు. "ఇదే. నిన్న విన్నది ఇదే."

"అతను తిట్టలేదు. ఇది తిట్టింది," అంది డిటెక్టివ్ స్పీకర్ ఆపేసి. "కేకలు బయటికి పోకుండా పెట్టారు. తప్పు తమ్ముడి మీదికి పోయేలా కూడా పెట్టారు. కార్యదర్శి గారూ, నిలబడే ఉన్నారే. అలా కూర్చోండి."

"ఫర్లేదు."

"కుడికాలి మీద బరువు వెయ్యడం లేదు మీరు. జీపు దిగినప్పట్నించీ చూస్తున్నా. తొడలో ఉలి మొన ఉంటే కూర్చోవడం కష్టమే."

అక్కడున్న ఎవరికీ ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆ క్షణం కార్యదర్శికి చాలింది. గోడకి తగిలించిన, కొయ్య చెక్కే బాడిసని లాగి డిటెక్టివ్ తల మీదికి విసురుగా దించాడు. ఆమె ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. అంచు తప్పి బాడిస మొద్దువైపు తగిలింది. మోచేతికింద ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. రెండో దెబ్బకి ఎత్తేలోపు బేడీలున్న చేతులతోనే డ్రైవర్ అతని మెడకి గొలుసు వేసి వెనక్కి లాగాడు. ఇద్దరూ దిమ్మ మీదుగా దొర్లిపడ్డారు. కార్యదర్శి మోచేత్తో డ్రైవర్ వాచిన దవడ మీద గుద్దాడు. ఒకసారి, మళ్ళీ, మళ్ళీ. డ్రైవర్ గొలుసు వదల్లేదు. కూతురు కొయ్యసుత్తి అందుకుని మేనమామ మోకాలి మీద శక్తికొద్దీ కొట్టింది. అతను గావుకేక పెట్టాడు. తొడ దగ్గర ప్యాంటు తడిసి ఎర్రబడింది.

ఇన్‌స్పెక్టర్ అప్పుడు కదిలి అతని చేతుల్ని వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

"గుంజ ఎక్కడ?" అంది డిటెక్టివ్. విరిగిన చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని గోడకి జారగిలబడింది.

"కాల్చేశా." కార్యదర్శి ఎగశ్వాస తీస్తున్నాడు. "చంపుదామని రాలేదు. గుంజ ఇచ్చెయ్ బావా అన్నా. ఎన్నిసార్లన్నానో. కొండ ఇచ్చేస్తున్నామని సంఘం తరఫున ఎప్పుడో సంతకం పెట్టేశాను. ఇంటికో ఉద్యోగం ఇస్తామన్నారు క్వారీ మేనేజరు. మన పిల్లలు ఇంకెన్నాళ్ళు కొయ్యల్ని కావలించుకుని బతకాలి? వదల్లేదు బావ. వేళ్ళు విరుగుతున్నా వదల్లేదు."

"కాల్చావు కదా, సంతోషించు," అంది కూతురు. ఆమె చేతిలో సుత్తి ఇంకా దిగలేదు. "నాన్న చెక్కిన కొత్త గుంజ ఉంది. అచ్చం దానిలాంటిదే. ఈపాటికి కొండ మీద దాని గుంటలో నిలబెడుతుంటారు."

"ఇప్పుడా? సాయంత్రం కదా నిలబెడదామనుకుంది?" అన్నాడు కార్యదర్శి.

"సాయంత్రం నాన్నని తెచ్చుకోవాలి కదా. అందుకని పొద్దున్నే పంపించేశాను. బడిపిల్లలు, పెద్దవాళ్ళు, అందరూ వెళ్ళారు. అమ్మమ్మని మంచంతో సహా మోసుకెళ్ళారు."

కార్యదర్శి మొహంలో నెత్తురు ఇంకిపోయింది. పెనుగులాట ఆగిపోయింది. కొండభాషలో గబగబా ఏదో అన్నాడు. ఆ మాటల్లో ‘అమ్మ’ అనేది ఒక్కటే డిటెక్టివ్‌కి తెలిసింది. కూతురు చేతిలోంచి సుత్తి జారిపోయింది.

"ఏమంటున్నాడు?"

"ఆ బండని ఈ మధ్యాహ్నం పేల్చేస్తారట. మందు కూర్చి పెట్టారట. గుంజతో పాటు గుంట కూడా ఉండకూడదని. ఇవాళ క్వారీకి సెలవు కాబట్టి సైరన్ వెయ్యరట." అంది కూతురు. "పైన మా అమ్మ ఉంది, ఆపండి అంటున్నాడు."

"మేనేజరుకి ఫోన్ చెయ్యి," అని డిటెక్టివ్ కార్యదర్శి మీదికి వంగింది.

"చెప్పినా ఆపడు. పేల్చే పనికి వేరే మనిషిని పెట్టాడు, వాడి నంబరు నా దగ్గర లేదు," అన్నాడు కార్యదర్శి. " కొండ మీద ఫోన్లు కలవవు, ఊట దిగువనున్న షెడ్డు దగ్గర తప్ప."

"దారి నాకు తెలుసు," అన్నాడు డ్రైవర్. వాచిన నోట్లోంచి మాట ముద్దగా వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం అతని వైపు చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి బేడీలు విప్పాడు. జీపు తాళాలు అతని చేతిలో పెట్టాడు.

"మీరు ముగ్గురూ పదండి. వీణ్ణి నేను చూసుకుంటా. స్టేషన్‌కి చెప్పి మావాళ్ళని వెనకాలే పంపిస్తాను."

"థాంక్స్," అంది డిటెక్టివ్. ఇన్నేళ్ళలో ఆ మాట అతనితో అనడం అదే మొదటిసారి.

డ్రైవర్ జీపుని రోడ్డు మీద కాకుండా రాళ్ళ వాగులోంచి పోనిచ్చాడు. ప్రతి కుదుపుకీ డిటెక్టివ్ విరిగిన చెయ్యి నిప్పులా మండింది. దిమ్మ దగ్గర పడిపోయిన కార్యదర్శి కండువాతో దాన్ని మెడకి కట్టుకుంది. క్వారీ గేటుకి గొలుసు వేసి ఉంది. డ్రైవర్ వేగం తగ్గించలేదు. గేటు రేకు ఎగిరి అద్దం మీద పడి పగిలింది. అతని నుదుట గాజు ముక్క దిగింది. దాన్ని పీకి బయట పడేశాడు.

పైన ఊట దగ్గర జనం కనిపించారు. బండ మీద కొత్త గుంజ నిలబడి ఉంది. దాని చుట్టూ చేతులు పట్టుకుని పిల్లలు. మంచం మీద ముసలావిడ ఏదో పాడుతోంది.

కూతురు జీపు ఆగకముందే దూకింది. కిందనుంచి కొండభాషలో ఒకే ఒక్క మాట అరిచింది. అది రాళ్ళు దొర్లిపడుతున్నప్పుడు అరిచే మాటని డిటెక్టివ్‌కి తర్వాత తెలిసింది. పిల్లలెవరూ ఎందుకని అడగలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చేతులు వదిలేసి, పిట్టల్లా చెదిరి పక్కవాలు మీదికి పరిగెత్తారు. వెనకే పెద్దవాళ్ళు.

"షెడ్డు వెనక చూడండి. మందు పేల్చే బ్యాటరీ పెట్టె అక్కడే పెడతారు," అని డ్రైవర్ డిటెక్టివ్‌తో చెప్పి, తను బండ వైపు ఎగబాకాడు. మంచం మీద ముసలావిడ ఒక్కతే మిగిలింది.

డిటెక్టివ్ షెడ్డు మలుపు తిరిగేసరికి ఒకతను పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి ఉలిక్కిపడ్డాడు. "ఆగు, పైన మనుషులున్నారు," అంది. అతను ఆగలేదు. పిడి కిందికి నొక్కేశాడు.

నేల ఎగిరి ఆమె మొహానికి తగిలినట్టయింది. చెవుల్లో సన్నని కూత తప్ప ఏమీ లేదు. రాళ్ళు షెడ్డు రేకుల్ని చీల్చుకుని పడ్డాయి. పిడికిలంత రాయి ఒకటి ఆ మనిషి కాలిని విరిచేసింది. అతను కుంటుతూ, పాకుతూ పొదల్లోకి పోయాడు. వెంటపడదామని లేచి, కళ్ళు తిరిగి ఆమె మోకాళ్ళ మీద కూలబడింది.

దుమ్ము పలచబడ్డాక చూసింది. బండ లేదు. గుంట లేదు. గుంజ పైసగం మాత్రం వాలు మీద ఎక్కడో పడి ఉంది. పక్కవాలులో కూతురు పిల్లల్ని ఒక్కొక్కరిని చేత్తో తడిమి చూసుకుంటోంది. అప్పుడు తెల్లటి దుమ్ములోంచి డ్రైవర్ నడిచొచ్చాడు. వీపు మీద ముసలావిడ. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి, అతని జుట్టు రెండు చేతులా పట్టుకుంది. అతని చొక్కా వెనక అంతా రక్తం. ఆమెని మెల్లగా నేల మీద దించి, ఆమె పక్కనే బోర్లా పడిపోయాడు.

"ఊపిరుంది," అని కూతురు అరిచింది. "బాబాయికి ఊపిరుంది."

డిటెక్టివ్ కొండ కిందికి చూసింది. జీపు వచ్చిన వాగులో గానీ, రోడ్డు మీద గానీ ఒక్క బండి లేదు. వెనకాలే వస్తారన్న పోలీసులు ఎవరూ రాలేదు.

బ్యాటరీ పెట్టె పక్కన మట్టిలో ఫోన్ మోగుతోంది. పారిపోయినవాడు వదిలేసింది. తెర మీద పేరు లేదు, అంకెలే. ఆమె దాన్ని తీసి చెవికి ఆనించింది. ఏమీ మాట్లాడలేదు.

"చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది," అంది అవతలి గొంతు. తొందర లేదు, ఆయాసం లేదు. "ఇక్కడ కార్యదర్శి పని కూడా అయిపోయింది. పారిపోబోతుంటే కాల్చానని రాసుకుంటా. నేను జీపిచ్చి పంపిన ముగ్గురూ బండ దగ్గరే ఉన్నారా? మా మాజీ గారు పోయారో లేదో దగ్గరికెళ్ళి చూసి చెప్పు. పోకపోతే అక్కడే ఉండు. నేనే వస్తున్నా."